పల్లె బడిలో నేను కంప్యూటరు చూపించిన రోజు

వాలంటీరు అంటే జీతం లేకుండా చివాట్లు తినే మనిషి అని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే జీతం ఇచ్చే చోటే తినేదాన్ని. ఇప్పుడు మన గుంపులో కొత్తగా చేరిన మీరంతా నన్ను పెద్దదాన్ని చేసి, అనుభవాలు చెప్పమంటున్నారు. నాకు అక్షరాలు విడివిడిగా వచ్చు. అవి వరసగా నడవడం మొదలుపెడితే నేను వెనకబడిపోతాను. అందుకని నేను చెబుతున్నాను, రేపల్లె అమ్మాయి రాస్తోంది. ఇందులో తప్పులుంటే ఆమెవి, గొప్పలుంటే నావి.

గొప్పలు పెద్దగా లేవు. ముందే చెప్పేస్తే నయం.

మాది వేటపాలెం వైపు. మా ఆయన మగ్గం నేసేవాడు. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టేదాన్ని. అక్కడ గింజలు కాల్చే పొగ తాగీ తాగీ నా గొంతు బొంగురుపోయింది. మామూలుగా మాట్లాడితే పోట్లాడినట్టు ఉంటుంది. పోట్లాడితే వీధి చివర కుక్కలు లేస్తాయి. ఆయన పోయాక తెనాలి వచ్చి ఒక ట్యూషన్ సెంటర్లో ఊడ్చి తుడిచే పనికి కుదిరాను. ఆదివారం పిల్లలకి సెలవు కాబట్టి నాకూ సెలవే అనుకున్నాను. కాదట. ఆదివారాలు పై గదిలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాళ్ళని కొందరు చేరేవారు. వాళ్ళ టీ కప్పులు తీయడానికి నేను రావాలి.

"చీపురు పక్కన పెట్టి మీరూ కూర్చోండమ్మా" అన్నారు వాళ్ళ మాస్టారు. బాపట్లలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతారు ఆయన. కూర్చున్నాను. స్వేచ్ఛ మీద మమకారంతో కాదు, అక్కడ ఫ్యాను ఉంది.

మాస్టారు చెప్పిన దాంట్లో ఒక్క ముక్క నా తలకెక్కలేదు. పక్కన కూర్చున్న అమ్మాయి మెల్లగా విడమరిచింది. ఇప్పుడు రాస్తున్న అమ్మాయే. రేపల్లెలో ఉంటుంది, ఒక కాలేజీ ల్యాబులో ఉద్యోగం, ఆదివారం రైలెక్కి తెనాలి వస్తుంది.

"కొన్ని ప్రోగ్రాముల్లో లోపల ఏముందో మనకి చూపించరు పిన్నీ. చెడితే మనం బాగుచేసుకోకూడదు. పక్కవాళ్ళకి ఇవ్వకూడదు. మనవి అలా కాదు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు."

అప్పుడు నాకు మా ఆయన మగ్గం మీది అట్టలు గుర్తొచ్చాయి. చీర అంచులో పువ్వు రావాలంటే బెజ్జాలు కొట్టిన అట్టలు మగ్గం పైన తిరగాలి. బెజ్జం ఎక్కడుందో దాన్నిబట్టి దారం లేస్తుంది, దారాన్నిబట్టి పువ్వు పడుతుంది. ఆ అట్టలు షావుకారువి. ఒకటి చిరిగితే మా ఆయన కుట్టకూడదు, దాన్ని చూసి ఇంకోటి కొట్టుకోకూడదు. షావుకారు కొత్తది పంపేదాకా మగ్గం ఆపుకుని అరుగు మీద కూర్చోవాలి.

"అయితే ఆ అట్టలు మనవే అంటారు మీరు" అన్నాను.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "అదేనమ్మా, అదే" అన్నారు. ఆ రోజు నుంచి ఏ సభలోనైనా అట్టల కథ ఆయనే చెబుతారు. నాకంటే బాగా చెబుతారు. వింటుంటే ఆ మగ్గం ముందు కూర్చున్నది ఆయనేనేమో అనిపిస్తుంది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నా సంగతీ అంతే అయింది. తెనాలి బజార్లో నాకు తెలిసిన ఇంటర్నెట్ షాపు కుర్రాడి దగ్గరికి వెళ్ళి, "నీ కంప్యూటర్లలో ఉన్నది కొన్న సరుకా, కాజేసిన సరుకా?" అని అడిగాను. ఎదురు హోటల్లో టిఫిన్ చేస్తున్న వాళ్ళు కూడా తల తిప్పి చూశారు.

ఆ కుర్రాడు నిమ్మళంగా, "పిన్నిగారూ, మొన్న మీ ఫోన్లో వేయించుకున్న సినిమా కొన్నదాండి, కాజేసిందాండి?" అన్నాడు. వేసింది అతనే. ఆ మాట నాకు ఇంట్లో బయలుదేరేటప్పుడు గుర్తు రాలేదు.

మాస్టారు పోయి అతనికి సర్దిచెప్పి వచ్చారు. "మన పోరాటం మనుషులతో కాదమ్మా" అన్నారు.

"మరి ఎవరితోనండి?"

"ముందు టీ తాగండి" అన్నారు.

నన్ను ఊరికే వదిలేస్తే ప్రమాదమని తెలిసి, గుంపు నాకు ఒక పని చూసింది. ఎక్కడ సభ పెట్టినా చివర్లో నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టడం, "ఈవిడ చేయగలిగితే ఎవరైనా చేయగలరు" అనడం. ఆ మాటలో నన్ను ఏమన్నారో నాకు చాలా రోజులు తట్టలేదు. తట్టేసరికి అలవాటైపోయింది.

నా విద్య ఇది. తెర మీద ఎడమ పక్క పై నుంచి దిగుతూ వస్తే ఆకుపచ్చ బొమ్మ, దాని కింద కాగితం బొమ్మ. కాగితం మీద నొక్కితే రాసుకునేది తెరుచుకుంటుంది. కరెంటు పోయినప్పుడు వంటింట్లో ఉప్పు డబ్బా మీదికి చెయ్యి దానంతట అది పోతుంది చూడండి, అలా. మధ్యలో ఏదన్నా పెట్టె వచ్చి ఇంగ్లీషులో అడిగితే, అందులో రంగు తేలి మెరిసేదాన్ని నొక్కాలి. ఈ రెండో సూత్రం నాకు ఎవరూ నేర్పలేదు, నేనే కనిపెట్టాను. దాని ఫలం తర్వాత చెబుతాను.

బాపట్లలో మాస్టారి కాలేజీలోనే మొదటి పెద్ద సభ. అక్షరం అక్షరం వెతుక్కుంటూ, 'నేను జీడిగింజలు కొట్టేదాన్ని' అని తెలుగులో కొట్టాను. హాలంతా చప్పట్లు. నడి ఎండాకాలంలో శాలువా కప్పారు. ఆ శాలువాతోనే రైలెక్కి చెమటలు కారుతూ తెనాలి దాకా కూర్చున్నాను. తీయమని అమ్మాయి చెప్పింది. "గాలికి బాగానే ఉందిలే" అన్నాను.

ఆ రైల్లోనే ఆ పల్లె బడి సంగతి వచ్చింది. రేపల్లెకి అవతల ఒక ఊళ్ళో హైస్కూలు. అమ్మాయి చదువుకున్న బడే. ఎవరో దాత ఎప్పుడో ఇచ్చిన కంప్యూటర్లు ఒక గదిలో ఉన్నాయి. గుడ్డతో గలీబులు కుట్టించి తొడిగారు, గదికి తాళం వేశారు. మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టే గది కురుస్తోంది కాబట్టి, ఆ కంప్యూటర్లని పాత సామాన్ల వాడికి తోలేసి ఈ గదిలో బస్తాలు వేద్దామని పేరెంట్స్ కమిటీ అనుకుంది. ఛైర్మన్ ఎరువుల కొట్టు ఆయన. హెడ్‌మిస్ట్రెస్ మేడం బతిమాలితే ఒక్క శనివారం గడువిచ్చాడు. పనికొస్తాయని కళ్ళతో చూస్తే ఉంచుతాం, లేదంటే సోమవారం ఆటో వస్తుంది అన్నాడు.

ఈ సంగతి చెబుతూ అమ్మాయి నావైపు చూడకుండా రైలు కిటికీలోంచి బయటికి చూసింది.

"టెన్త్ అయ్యేదాకా ఆ గది తలుపు తెరవడం నేను చూళ్ళేదు పిన్నీ. కాలేజీలో మొదటి ల్యాబు రోజు ఆన్ చెయ్యడం ఎక్కడో తెలియలేదు. పక్కవాళ్ళు చేసేదాకా కిందికి వంగి చెప్పు సర్దుకుంటున్నట్టు నటించాను. ఎంతసేపని సర్దుకుంటాం చెప్పు. అందరూ చూశారు. ఆ బడి పిల్లలకి మళ్ళీ అదే జరక్కూడదు."

"నేనున్నాగా" అన్నాను. బాపట్ల శాలువా ఇంకా నెత్తికెక్కే ఉంది.

ముందు వారం అమ్మాయీ మాస్టారూ వెళ్ళి ఆ కంప్యూటర్లన్నిటికీ మన సాఫ్ట్‌వేర్ ఎక్కించి వచ్చారు. పాత మిషన్లే, అయినా చక్కగా నడిచాయి. శనివారం మేం వెళ్ళేసరికి అంతా సిద్ధం. తెర మీద బొమ్మలు ఎక్కడివక్కడ ఉన్నాయి. ఛైర్మన్ రావడం ఆలస్యమైంది. మన వాళ్ళకి ఖాళీ దొరికితే ఏం చేస్తారో మీకు తెలుసు. కంప్యూటరు బాగుంటే చూసి ఓర్వలేరు.

అయితే ఈసారి ఆ బుద్ధి వాళ్ళకి పుట్టలేదు. నాకు పుట్టింది.

మాస్టారి కంప్యూటర్లో కొత్తగా దిగిన తెర చూశాను నేను. రంగులు, నునుపు, బొమ్మలు గుండ్రంగా అద్దాల్లా ఉంటాయి. ఛైర్మన్ ముందు ఈ పాత తెర ఏం చూపిస్తాం అనిపించింది.

"ఏవమ్మాయ్, మాస్టారి దాంట్లో ఉన్న కొత్తది దీంట్లో వెయ్యి."

"ఇప్పుడొద్దు పిన్నీ. అన్నీ చోట్లు మారిపోతాయి."

"మారితే నాకు తెలియదా ఏంటి? బాపట్లలో చూశావుగా."

"పెళ్ళికూతుర్ని పీటల మీద కూర్చోబెట్టాక చీర మారుస్తామా పిన్నీ?"

"బాలేకపోతే మారుస్తాం" అన్నాను.

అమ్మాయి మాస్టారిని అడిగింది. వద్దంటే నేను నొచ్చుకుంటానని ఆయన భయం. "చాలా స్థిరంగానే ఉందిలే అది, మొరాయించదు" అన్నారు. పెన్‌డ్రైవ్ పెట్టి వేసేశారు. నేను ఒకసారి చూసుకుందామనుకునే లోపల ఛైర్మన్ వచ్చాడు. వెనకే కమిటీ తల్లులు, వరండాలో పిల్లలు, వంట ఆయాలు గరిటెలతో సహా.

మాస్టారు అట్టల కథ చెప్పారు. ఛైర్మన్ వాచీ చూసుకున్నాడు. "ఈవిడ చేయగలిగితే ఎవరైనా చేయగలరండి" అని నన్ను పిలిచారు. వెళ్ళి కూర్చున్నాను. గోడ మీద ప్రొజెక్టరు వెలుగులో తెర అంతా పెద్దగా కనపడుతోంది, అద్దంలా మెరుస్తోంది. ఎడమ పక్క ఉండాల్సిన వరస లేదు. బొమ్మలన్నీ కిందికి దిగి వరసగా కూర్చున్నాయి, ఒక్కటీ నేనెరిగిన మొహం కాదు.

అక్కడ లేచి, "అమ్మాయ్, ఇటు రా" అంటే సరిపోయేది. నాకు శాలువా కప్పారు కదా, నేను ఎలా పిలుస్తాను? కాగితం బొమ్మ ఉండే చోట ఏదో చిన్న గుండ్రటిది కనపడితే నొక్కాను. ఒక పెట్టె వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగింది. నా రెండో సూత్రం ప్రకారం మెరిసేదాన్ని నొక్కాను.

గోడంతా నల్లబడింది.

కంప్యూటరు నిట్టూర్చినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. నేను దాన్ని పూర్తిగా ఆపేశానని అమ్మాయి మొహం చూసి తెలిసింది.

"కరెంటు పోయినట్టుంది" అన్నాను.

నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది. దాన్ని అందరూ చూశారు, నేనూ చూశాను.

ఛైర్మన్ లేచి పంచె సర్దుకున్నాడు. "సరే మేడం. చూశాంగా. సోమవారం ఆటో పంపిస్తా" అన్నాడు. అమ్మాయి వచ్చి బటన్ నొక్కింది. అది లేవడం మొదలుపెట్టింది గానీ, కొత్తగా వేసిన దాని పని ఏదో మిగిలిపోయిందట, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చీమల బారుల్లా దిగుతున్నాయి. అవి ఎప్పటికి ఆగుతాయో మాస్టారికి కూడా తెలియదు. ఆయన ఆ ఖాళీలో స్వేచ్ఛ గురించి ఇంకోసారి మొదలుపెట్టారు. అమ్మాయి కిందికి చూస్తూ నిలబడింది. చెప్పు సర్దుకోవడం లేదు గానీ, అలాగే ఉంది.

వెనక వరసలో ఒకామె ఉంది, రొయ్యలు వొలిచే పనికి పోతుంది. చేతుల మీద గాట్లు చూస్తేనే తెలుస్తుంది. ఆమె గట్టిగా అడిగింది.

"ఏం వదినా, పగలగొట్టేశావా?"

"పగల్లేదమ్మా, పడుకుంది" అన్నాను.

"మళ్ళీ లేస్తదా?"

"లేస్తాది. లేవకపోతే ఈ అమ్మాయి లేపిద్ది."

"మరి నిన్నేం అనరా?"

"ఎవరు అనేది?"

"మా పెద్దది ఎప్పుడో ఓసారి దుమ్ము దులపడానికి తాళం తీస్తే ఈ గదిలోకొచ్చి గలీబు ఎత్తి చూసిందని మేడం గారు పొద్దుగూకేదాకా గోడకి నిలబెట్టారు. నువ్వు ఏకంగా ఆర్పేశావు, నీకు కుర్చీ వేశారు."

అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. కాసేపు చేతిలో తాళం చెవి తిప్పుకుంది. తర్వాత ఆ తల్లి వైపు తిరిగి అంది.

"నిజమేనమ్మా. నాకు కూడా ఆన్ చెయ్యడం రాదు. చెడిపోతే పైవాళ్ళకి జవాబు నేను చెప్పాలి. అందుకే గలీబులు కుట్టించాను, అందుకే తాళం వేశాను. పిల్లలు ముట్టుకోకపోతే చెడిపోవనుకున్నాను."

అంత చదువుకున్న మనిషి అందరి ముందు అలా అనడం నేను అంతకు ముందు చూడలేదు. నేనైతే ఇంకా కరెంటు మాట మీదే ఉన్నాను.

ఇంతలో చీమలు ఆగి తెర వచ్చింది. అమ్మాయి ముందుకు వచ్చింది. నేను మౌసు వదల్లేదు. పరువు ఎటూ పోయింది, ఆ కాగితం బొమ్మ దొరక్కుండా లేచేది లేదనుకున్నాను. కింద వరసలో ఉన్నదాన్నల్లా నొక్కాను. లెక్కలు చేసేది తెరుచుకుంది. మూశాను. పేకముక్కలు వచ్చాయి. "అదుంచు" అన్నాడు వరండాలోంచి ఎవరో. మూశాను. ఇంకోటి నొక్కాను. చిన్నపిల్లల ఆటలేవో వచ్చాయి, అందులో ఒక బొమ్మ మీద చెయ్యి పడింది. స్పీకర్లోంచి ఒక ఆవు గట్టిగా అంబా అని అరిచింది.

ఛైర్మన్ గుమ్మం దగ్గర ఉన్నవాడల్లా వెనక్కి తిరిగి, "ఎవరి గొడ్డు అది, బళ్ళోకి వదిలారు?" అన్నాడు.

ఇక గదిలో ఎవరికీ నవ్వు ఆగలేదు. వంట ఆయాలు గరిటెలు పట్టుకుని వంగిపోయి నవ్వారు. ఛైర్మన్‌కి సంగతి తెలిసి ముందు మొహం ముడుచుకున్నాడు, తర్వాత అతను కూడా నవ్వాడు. రొయ్యలు వొలిచే ఆమె జనాన్ని తోసుకుంటూ వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

"జరుగు వదినా, నేనూ ఒకటి నొక్కుతా."

నొక్కింది. కోడి కూసింది. ఇంకోటి నొక్కింది. తెర అంతా చెదిరి ఏదో పెట్టె వచ్చింది. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని అమ్మాయి మొహం చూసింది. అమ్మాయి ఆ పెట్టె మూసి, "ఏం కాలేదు అక్కా, నొక్కు" అంది. ఆమె మళ్ళీ నొక్కింది. తర్వాత ఛైర్మన్ వైపు తిరిగింది.

"బాబాయ్, ఈవిడ ముట్టుకుంటేనే పగలని మిషను, మా పిల్లలు ముట్టుకుంటే పగిలిద్దా? ఆటో వద్దని చెప్పండి."

నా ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన సర్టిఫికెట్టు అదొక్కటే. బాపట్ల శాలువా కంటే గట్టిది.

"మరి బియ్యం ఎక్కడ పెట్టేది?" అన్నాడు ఛైర్మన్.

"సార్లు కూర్చునే గదిలో పెట్టండి. కాపలా కూడా ఉంటారు."

ఛైర్మన్ మేడం వైపు చూశాడు. మేడం, "పెట్టుకుందామండి. గది మాత్రం తెరిచే ఉంచుతాను" అంది. అతను ఫోన్ తీసి అక్కడే ఆటో అతనికి సోమవారం రావద్దని చెప్పాడు. పిల్లలు అప్పటికే గలీబులు లాగేస్తున్నారు. ఎవరూ కేకలెయ్యలేదు.

నేను చివరి దాకా కాగితం బొమ్మ పట్టుకోలేకపోయాను. ఆ రోజు ఆ బడిలో తెలుగులో ఒక్క అక్షరం కూడా నేను కొట్టలేదు. తిరుగు రైల్లో మాస్టారు నన్ను ఓదారుద్దామని చాలాసేపు మాటలు వెతుక్కుని, "చాలా చక్కగా విఫలమయ్యారమ్మా" అన్నారు. మర్నాడు ఆదివారం కాబట్టి మాతోనే తెనాలి వస్తున్న అమ్మాయి కిటికీ వైపు మొహం తిప్పుకుని నవ్వింది. నాకు కోపం వచ్చింది గానీ, నా కోపం మొదలుపెడితే రైలు పెట్టెలో వాళ్ళంతా వింటారని ఊరుకున్నాను.

మీరు కొత్తవాళ్ళు కాబట్టి చెబుతున్నాను. ఎక్కడికి వెళ్ళినా ముందుగా మన గొప్ప చూపించాలనే ఉంటుంది. నాకు ఇప్పటికీ ఉంటుంది. నన్ను చూసి జనం నేర్చుకున్నది ఏదైనా ఉంటే, అది నేను చూపించబోయింది మాత్రం కాదు. దీన్ని నీతి అనుకుని ఎక్కడన్నా పోయి చెప్పకండి, మాస్టారు విన్నారంటే అది కూడా ఆయన కథ అయిపోతుంది.

చాలా నెలల తర్వాత ఒక ఆదివారం పై గదిలో కప్పులు తీస్తుంటే అమ్మాయి ఫోన్ మోగింది. ఆ మేడం. స్పీకర్ పెట్టింది, మేమంతా విన్నాం.

"ఒక కంప్యూటరు పోయిందండి."

మాస్టారి మొహం పాలిపోయింది. "ఏమైందండి? పిడుగు పడిందా? వర్షం నీళ్ళా?"

"అదేం లేదండి. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయాయి, లోపల ఏదో కాలింది. మిగతావాటికి పిల్లలు వరస కడుతున్నారు, కొట్టుకుంటున్నారు కూడా." నేను ఆ బడికి ఎన్నిసార్లు వెళ్ళినా ఆవిడ గొంతులో అంత సంతోషం వినలేదు. "వాడితేనే పోయిందండి. పిల్లలు వాడితేనే."